ఆచార్యముఖమున విన్న అర్థము

గత మాఘమాసమున ఒక తల్లి మా యింటికి వచ్చి చాలసేపు మాటలాడక కూర్చుండెను. ఆమె భర్త పరమపదించి పదునొకండు నెలలైనది. ప్రథమాబ్దికము సమీపించుచున్నది. పెట్టవలసిన ఏకైక పుత్రుడు పెట్టనని చెప్పుచున్నాడట. "అబ్బాయి చెడ్డవాడు కాడు స్వామీ, దేవుడు లేడనువాడును కాడు. అందుకే నాకేమియు తోచకున్నది" అని కొంగుతో కన్నులొత్తుకొనెను.

మఱునాడు ఆ యువకుడే వచ్చెను. పట్టణమున మంచి ఉద్యోగము, నెమ్మది గల స్వభావము. తండ్రి పోయిన పిదప రాత్రులు నిద్రపట్టక వేదాంతగ్రంథములు కొని చదువనారంభించెనట. గీతకు నాలుగు వ్యాఖ్యలు, రహస్యత్రయమునకు తెలుగు వచనములు రెండు, ఇంకను ఎన్నియో అతని బల్లమీద ఉన్నవి. చరమశ్లోకమున భగవానుడు ధర్మములన్నిటిని విడిచి తన్నొక్కనినే శరణు పొందుమని చెప్పెను గదా, "స్వామి విడువుమనెను, నేను విడిచితిని. సంధ్య విడిచితిని, తర్పణము విడిచితిని, ఆబ్దికమును విడిచితిని. స్వామి మాటను ఉన్నదున్నట్లు నమ్ముట దోషమా?" అని వినయముగనే అడిగెను.

నిజము చెప్పవలెనన్న, నాకు అప్పటికప్పుడు తగిన సమాధానము తోచలేదు. అది తప్పని తెలియును; ఎందుకు తప్పో అతని గుండెకు తాకునట్లు చెప్పుట తెలియలేదు. మా ప్రాంతమున గ్రంథకాలక్షేపము సాగించుచున్న ఒక వృద్ధాచార్యుల సన్నిధికి తీసికొనిపోయెదనని మాట యిచ్చి పంపితిని. అక్కడ జరిగినది తరువాత విన్నవించెదను. ఈలోపల, ఆ దినము మొదలు నా మనస్సున తిరుగుచున్న ప్రశ్నను పాఠకమహాశయుల ముందుంచుచున్నాను. గ్రంథము చేతనుండగా ఆచార్యుడెందులకు?

పూర్వము తాటియాకుల శ్రీకోశము దుర్లభముగ నుండెడిది. ఒక ప్రతి వ్రాసికొనుటకు నెలలు పట్టెడిది. గ్రంథమునకై వెదకువాడు ఆచార్యుని ఇంటికే పోవలసివచ్చెడిది. కావున ఈ ప్రశ్నయే పుట్టలేదు. ఇప్పుడు గ్రంథములు సులభములు, ఆచార్యులు దుర్లభులు. అచ్చుపుస్తకము తపాలాలో ఇంటికే వచ్చును. అది మహోపకారమే, నేను దానిని నిందింపను. అయినను పుస్తకము చదువరి ముఖము చూడదు. అతడు ఏ పంక్తి వద్ద పొరబడెనో దానికి తెలియదు.

ఛాందోగ్యోపనిషత్తులో సత్యకామ జాబాలుని కథ ఈ విషయమున మిక్కిలి ఆశ్చర్యకరమైనది. గౌతముడు ఆ బాలునికి బక్కచిక్కిన ఆవులను నాలుగు వందలు అప్పగించి అడవికి పంపెను. అవి వేయి అగువరకు సత్యకాముడు తిరిగి రాలేదు. త్రోవలో వృషభము, అగ్ని, హంస, మద్గువను నీటిపక్షి ఒక్కొక్కరు బ్రహ్మమున ఒక్కొక్క పాదమును ఉపదేశించిరి. బాలుని ముఖము బ్రహ్మవిదుని ముఖమువలె వెలుగుచుండుట గురువు చూచి, నీకెవరు చెప్పిరని అడిగెను. మనుష్యులు కారనియు, అయినను తాను కోరినది తన ఆచార్యుడే చెప్పవలెననియు, ఆచార్యుని వలన తెలిసిన విద్యయే మేలైన ఫలము నిచ్చునని పెద్దల వలన వింటిననియు శిష్యుడు బదులు చెప్పెను. దేవతలే చెప్పిన మాటను గురువు నోట మరల విన గోరినాడు! గురువు చెప్పినదియు ఆ విద్యయే. అందులో ఏమియు తగ్గలేదని శ్రుతి చెప్పుచున్నది. క్రొత్తది చేరకున్నను శిష్యుడు దానికై వేచియుండెను.

ఆ ఉపనిషత్తుననే గంధారదేశపు మనుష్యుని దృష్టాంతము కలదు. కన్నులకు గంతలు కట్టి దూరమున నిర్జనారణ్యమున విడిచిపెట్టబడినవాడు దిక్కు తెలియక అరచుచుండును. ఒకడు గంతలు విప్పి, గంధారము ఈ దిక్కున నున్నదని చూపిన, ఊరూరు అడుగుచు తన చోటికి చేరగలడు. చూడుడు, గంతలు విప్పినవాడు ఇతనిని భుజముపై మోసికొనిపోలేదు. నడువవలసినది ఇతడే, త్రోవలో అడుగవలసినవాడును ఇతడే.

ఇక, గురువు లేకయే విద్య కావలెనని పట్టుబట్టినవాని కథ మహాభారతమున వనపర్వమున కలదు. రోమశమహర్షి తీర్థయాత్రలో ధర్మరాజునకు దీనిని వినిపించెను. భరద్వాజుడును రైభ్యుడును మిత్రులు. రైభ్యుడు, అతని కుమారులు అర్వావసు పరావసులు విద్వాంసులగుటచే లోకము వారిని గౌరవించుచుండెను. తపస్వియైన భరద్వాజునకు అంతటి మన్నన లేకుండెను. అతని కుమారుడు యవక్రీతుడు ఇది చూచి సహింపలేక, గురువు వద్ద వేదము నేర్చుటకు చిరకాలము పట్టుననియు, తపస్సు చేతనే వేదములన్నియు తనకు భాసింపవలెననియు ఘోరతపస్సు ఆరంభించెను. ఇంద్రుడు వచ్చి ఇది త్రోవ కాదు, గురువు నాశ్రయింపుమనెను. యవక్రీతుడు వినలేదు. అంతట ఇంద్రుడు ముదుసలి బ్రాహ్మణుని వేషమున గంగ యొడ్డున కూర్చుండి, పిడికెడు పిడికెడు ఇసుక నీటిలో వేయుచుండెను. ఇదేమి పని అని యవక్రీతుడు నవ్వెను. గంగకు వంతెన కట్టుచున్నానని ముదుసలి చెప్పెను. ఈ ప్రవాహమునకు ఇసుకతో వంతెన నిలుచునా అన్న, నీ ప్రయత్నమును ఇట్టిదే కదా అని ఇంద్రుడు బదులిచ్చెను. అప్పటికిని అతడు మానలేదు. తుదకు కోరిన వరమే లభించెను.

వరము లభించినచోటనే కథ దుఃఖకరముగ మారును. విద్య వచ్చినది, వినయము రాలేదు. తండ్రి భయపడి, గర్వము నిన్ను చంపునని హెచ్చరించెను. యవక్రీతుడు రైభ్యుని ఆశ్రమమునకే పోయి, ఆ యింటి కోడలియెడ దుర్మార్గముగ ప్రవర్తించి, రైభ్యుని కోపాగ్నిలో పుట్టిన రాక్షసుని చేత మడిసెను. భరద్వాజుడు పుత్రశోకమున అగ్నిప్రవేశము చేసెను. ఎంతో కాలమునకు అర్వావసుని పుణ్యమున వీరందఱును తిరిగి బ్రతికిరి. అప్పుడు యవక్రీతుడు దేవతలను అడిగిన ప్రశ్నయే ఈ కథకు ప్రాణము. నాకును వేదములు వచ్చును, వ్రతములు చేసితిని, రైభ్యుడు నన్నెట్లు చంపగలిగెను? దేవతల ఉత్తరము సూటియైనది. నీవు గురువు లేక సుఖముగ వేదములను పొందితివి. అతడు గురువులను సంతోషపెట్టి, కష్టపడి, బహుకాలమునకు పొందెను. వేదాక్షరములు ఇద్దఱివియు ఒక్కటియే. గురుకులమున గడపిన సంవత్సరములు యవక్రీతునకు లేవు. ఆ సంవత్సరములలో అణగవలసిన అహంకారము అణగలేదు.

ఏకలవ్యుని మాటేమి అని కొందఱు అడుగుదురు. ఏకలవ్యుడు గురువు వలదనలేదు. కావలెనని వచ్చి, నిరాకరింపబడి, మట్టితోనైన గురువును చేసికొన్నవాడు. అతని కథలో తప్పు ఎవరిదో ధర్మజ్ఞులు విచారింపవచ్చును గాని, గురువు అనవసరమనుటకు మాత్రము అతడు సాక్షి కానేరడు.

మన దర్శనస్థాపనాచార్యులైన భగవద్రామానుజుల చరిత్రయే ఈ విషయమునకు పెద్ద భాష్యము. వారు మొదట కాంచీపురప్రాంతమున యాదవప్రకాశుని వద్ద వేదాంతము చదివిరి. ఛాందోగ్యమున పరమపురుషుని నేత్రవర్ణనకు గురువు హేయమైన ఉపమానముతో అర్థము చెప్పగా, తైలము పట్టుచున్న శిష్యుని కన్నీరు గురువు తొడపై వేడిగ పడినదని గురుపరంపర చెప్పుచున్నది. సూర్యకిరణములచే వికసించిన తామరవంటి నేత్రములని రామానుజులు అర్థము చెప్పిరి. కావున గురువని పేరున్న ప్రతివానికి బుద్ధిని అమ్ముకొనుమని మన సంప్రదాయము చెప్పలేదు. ముండకోపనిషత్తు గురువునకు రెండు లక్షణములు విధించినది. శాస్త్రము విన్నవాడు కావలెను, బ్రహ్మమునందు నిష్ఠ గలవాడును కావలెను. ఒకటియుండి రెండవది లేనివాడు చాలడు. అడుగువారు తగ్గినకొలది ఈ పరీక్షయు తగ్గినది. కాషాయమును చూచియో, సభకు వచ్చిన జనమును చూచియో నేడు గురువును నిర్ణయించువారు కలరు.

యాదవుని విడిచిన రామానుజులు స్వతంత్రముగ చదువుకొని శ్రీభాష్యము వ్రాయగలవారే. అంతటి మేధావికి కొఱత యేమి? అయినను ఆళవందారుల శిష్యులైన అయిదుగురి పాదములను ఆశ్రయించిరి. మధురాంతకమున పెరియనంబి వారికి పంచసంస్కారములు చేసిరి. రహస్యార్థములకై శ్రీరంగము నుండి తిరుక్కోట్టియూరునకు పదునెనిమిది పర్యాయములు నడిచిరి. ప్రతి పర్యాయము నంబి ఏదో చెప్పి త్రిప్పి పంపిరి. నేడు ఒక పుస్తకము అంగడిలో లేదన్న మనము రెండవసారి పోము.

శ్రీవేంకటాచలమునకు వచ్చు యాత్రికులు తప్పక తలచుకొనవలసిన సంవత్సరమొకటి కలదు. రామానుజుల మేనమామయైన తిరుమలనంబి కొండపై శ్రీనివాసునకు తీర్థకైంకర్యము చేయుచుండిరి. మేనల్లుడు కొండకు వచ్చుచుండగా వృద్ధులైన నంబి తామే ఎదురేగి ప్రసాదము నిచ్చిరి. ఇందుకు ఎవరైన చిన్నవారిని పంపరాదా అని రామానుజులు నొచ్చుకొనిరి. నాలుగు వీధులు వెదకితిని, నాకంటె చిన్నవాడు కనబడలేదు అని నంబి చెప్పిరి. అట్టివారి వద్ద, కొండ దిగువ తిరుపతిలో, రామానుజులు ఒక సంవత్సరము శ్రీమద్రామాయణము కాలక్షేపము చేసిరి. రామాయణము వారు చదువని గ్రంథమా? బాల్యమునుండి ఎఱిగినదే. ఎఱిగినదానిని మరల మొదటి శ్లోకమునుండి, ఒకరి ముందు కూర్చుండి, సంవత్సరము వినిరి. నంబి పాఠము చెప్పుటకై దిగివచ్చుటచే మధ్యాహ్నసేవ తప్పిపోవుచున్నదని వగవగా, స్వామియే అలిపిరి వద్ద తన శ్రీపాదములను చూపెనని సంప్రదాయ కథనము. పాదాలమండపమున శ్రీపాదములను శిరస్సున ధరించు భక్తులు ఈ పాఠమును గూడ స్మరింతురు గాక.

తిరుమాలైయాండాన్ వద్ద తిరువాయ్‌మొళి వినునప్పుడు మాత్రము చిక్కు వచ్చెను. రెండవ శతకమున ఒక పాశురమునకు ఆండాన్ చెప్పిన అర్థము రామానుజులకు సరిపడక, వేఱొక అర్థము చెప్పిరి. ఆళవందారుల నోట విననిది విశ్వామిత్రసృష్టియని ఆండాన్ పాఠము మానివేసిరి. ఇరువురును పెద్దలే, ఎవరు దిగుదురు? తిరుక్కోట్టియూర్ నంబి వచ్చి విచారించి, రామానుజులు చెప్పిన అర్థమును తాము ఆళవందారుల నోట వింటిమని చెప్పి, సాందీపని శ్రీకృష్ణునకు చదువు చెప్పినట్లు మీరు ఈయనకు చెప్పుచున్నారని ఆండానును సమాధానపరచిరి. పాఠము మరల సాగెను. ఈ కథ నాకు ఇష్టము. శిష్యునకు సందేహము రాగూడదని ఎవరును అనలేదు. అతని అర్థము నిలిచినది కూడ. కాని నిలుచుటకు ముందు పూర్వుల నోట ఉన్నదా అని చూడబడినది.

అదే తిరుక్కోట్టియూరులో గోపురమెక్కి రహస్యమును అందఱికి చాటిరి గదా, ఇక రహస్యమేమి, గురువేమి అని అడుగువారు కలరు. తాము నరకమునకు పోయినను పలువురు తరింతురని రామానుజులు గురువాజ్ఞను దాటినమాట వాస్తవము. కాని చాటినది ఎవరు? పదునెనిమిది మార్లు నడిచి విన్నవారు. విన్నవారు ఎవరి నోట వినిరి? ఆచార్యుని నోటనే. వారు కంచెను సడలించిరి గాని ఆచార్యస్థానమును తీసివేయలేదు; సంప్రదాయమును నడుపుటకై డెబ్బదినలుగురు సింహాసనాధిపతులను నియమించినదియు వారే.

తరువాతి కాలమున గ్రంథములు పెరిగినవి. నంజీయరు తమ తొమ్మిదివేల వ్యాఖ్యను శుభ్రమైన ప్రతి వ్రాయుమని ఒక శిష్యునకు ఇయ్యగా, కావేరి నీదునప్పుడు ఆ శ్రీకోశము కొట్టుకొనిపోయెను. ఆయన గురుముఖమున విన్నది జ్ఞాపకముంచుకొని మొత్తము వ్రాసి, కొన్నిచోట్ల విశేషార్థములను చేర్చి సమర్పించెను. నంజీయరు కోపగింపక, కౌగిలించి నంపిళ్ళై యని పిలిచిరి. ఆ నంపిళ్ళై పగలు చెప్పిన అర్థములను వడక్కుత్తిరువీధిపిళ్ళై రాత్రులు వ్రాసికొనగా ముప్పదియాఱువేల ఈడు ఏర్పడెను. అనుమతి లేక వ్రాసినదగుటచే నంపిళ్ళై దానిని తీసికొని దాచిరి. పిదప అది ఒక ఆచార్యుని నుండి ఒక శిష్యునకు మాత్రమే అందుచు, మణవాళమహామునుల (1370–1443) వరకు వచ్చెను. వారు శ్రీరంగమున నంపెరుమాళ్ళ సన్నిధిలో సుమారు సంవత్సరము దానిని ప్రవచించిరి. ఆని మాసపు మూలానక్షత్రమున శాత్తుముఱ నాడు స్వామియే బాలకుని రూపమున వచ్చి వారికి తనియన్ సమర్పించెనని మనము ప్రతిదినము స్మరించుచున్నాము. వినువాడై కూర్చున్న రంగనాథుడు శిష్యధర్మమును కూడ నెఱవేర్చినాడు.

ఇది మన యింటి మాట మాత్రమే కాదు. హిమాలయముల కావల తిబ్బతు దేశమున ఞింగ్మ సంప్రదాయమువారు జోగ్చెన్, అనగా మహాసంపూర్ణత, అను ఉపదేశమును మిక్కిలి గుప్తముగ కాపాడుదురు. వారి తత్త్వము వేఱు. బౌద్ధుల శూన్యవాదమును శ్రీభాష్యమున భగవద్రామానుజులు ఖండించియున్నారు. అయినను పాఠక్రమమున పోలిక చూడదగినది. అభిషేకము, గురువు గ్రంథమును బిగ్గరగ చదివి వినిపించుట, పిదప వివరణము, ఈ మూడును లేనిదే ఆ గ్రంథములను విప్పుటకు అధికారము లేదందురు. పందొమ్మిదవ శతాబ్దమున పాట్రూల్ రింపోచే (1808–1887) అను గురువు తన శిష్యుని రాత్రివేళ కొండచరియపై ప్రక్కన పండుకొనుమని, నక్షత్రములు కనబడుచున్నవా, దిగువ మఠములో కుక్కల మొరుగు వినబడుచున్నదా అని అడిగి, ధ్యానమన్న ఇదియే అని చెప్పగా, ఏండ్లతరబడి గ్రంథములు చదివిన శిష్యుని సంశయము ఆ క్షణమున తీరెనని చెప్పుదురు. ఆ మాటలను నేనిక్కడ వ్రాసితిని, మీరు చదివితిరి. మనకెవరికిని ఏమియు కాలేదు. కాలచక్రతంత్రము మొదట మన ధాన్యకటకముననే చెప్పబడినదని తిబ్బతువారి విశ్వాసము. 2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్రాభిషేకము నిర్వహించినప్పుడు వేలమంది మంచుదేశములనుండి అంత దూరము వచ్చిరి. ఆ గ్రంథము వారి ఊళ్ళలో లేకనా? గురువు నోట వినుటకు వచ్చిరి.

నేడు ప్రవచనములు ఫోనులో లభించుచున్నవి. వంట చేయుచు, ప్రయాణము చేయుచు పెద్దల వాక్కులు వినగలుగుట మన అదృష్టమే. మంచముపట్టిన ముదుసలులకు అది కాలక్షేపముతో సమానమని నా అభిప్రాయము. అయితే ఆ ధ్వనిని మనము ఆపగలము, దాటవేయగలము. అది మనలను ఆపలేదు. మనకు నచ్చని మాట వచ్చినప్పుడు వ్రేలు దానంతటదే కదలును.

ఇక ఆ యువకుని మాట. ఆచార్యుల సన్నిధిలో సాష్టాంగము చేసి తన వాదమును నాకు చెప్పినట్లే చెప్పెను. వారు శ్రద్ధగ వినిరి. "ఆ శ్లోకము ఎక్కడిది నాయనా?" అని అడిగిరి. పదునెనిమిదవ అధ్యాయమున అఱువదియాఱవదని అతడు చెప్పెను. ఆ అధ్యాయముననే ఏడవ శ్లోకమును చెప్పుమనిరి. విధింపబడిన కర్మను మోహముచే విడుచుట తామసత్యాగమని భగవానుడు చెప్పినచోటది. చదివినవాడే గావున చెప్పెను. చెప్పుచు చెప్పుచు గొంతు తగ్గెను. "చరమశ్లోకము విన్న పిమ్మట అర్జునుడు గాండీవమును దించెనా, ఎత్తెనా?" "ఎత్తెను స్వామీ." కర్మను కాదు, నేను చేయుచున్నానను కర్తృత్వమును, నాదను మమతను, ఫలమును విడుచుటయే త్యాగమని గీతాభాష్యమున భగవద్రామానుజులు చెప్పిన క్రమమును వారు మెల్లగ వివరించిరి. శరణాగతుడు నిత్యనైమిత్తికములను ఉపాయముగ గాక స్వామి ఆజ్ఞగ, కైంకర్యముగ చేయుచునే యుండవలెననిరి. "ధర్మములన్నియు విడిచితినంటివి. జీతము తీసికొనుట విడిచితివా? నీకు బరువైనవే విడిచినట్లున్నది" అని నవ్విరి.

అంతవరకు నేనును గ్రంథము చూచి చెప్పియుండవచ్చును. తరువాత వారు చేసినది నాకు శక్యము కాదు. కొంతసేపు అతని ముఖమునే చూచి, "తండ్రికి ఆబ్దికము పెట్టినచో, ఆయన పోయినమాట నిజమైపోవునని భయమా?" అని అడిగిరి. ఆ బిడ్డ ఒక్కమాటయు పలుకలేదు. వారి పాదముల వద్ద తల వంచి చాలసేపు ఏడ్చెను. శ్లోకముపై నాతో అంతసేపు వాదించినవాడు! అతనికి శ్లోకమున సందేహము లేనే లేదు.

ఫాల్గుణమున ఆబ్దికము యథావిధిగ జరిగినది. అప్పటినుండి ఆదివారములలో బస్సెక్కి వచ్చి, వారి వద్ద రహస్యగ్రంథము మొదటినుండి ఆరంభించెను. మొన్న ఆ తల్లి కోవెలలో కనబడి, మూడు నెలలైనను ఇంకను ప్రణవము దాటలేదట స్వామీ అని చెప్పి, నవ్వుచు ప్రసాదము తీసికొనిపోయెను.